గోత్‌లు గుడ్డుని ఏమనేవాళ్లు? నక్షత్రం గుర్తున్న మాటల లెక్క

బైబిల్లో లూకా సువార్త 11వ అధ్యాయంలో ఒక ప్రశ్న వస్తుంది: కొడుకు గుడ్డు అడిగితే తండ్రి తేలుని ఇస్తాడా? కొత్త నిబంధన మొత్తంలో గుడ్డు అన్న మాట వచ్చే చోటు అదొక్కటే. నాలుగో శతాబ్దంలో బైబిలు, యూరప్‌లో ఉండే గోత్‌లు అనే పాతకాలం జనం మాట్లాడిన గోతిక్ భాషలోకి వచ్చింది. కానీ ఆ అనువాదంలో లూకా 10వ అధ్యాయం మధ్య నుంచి 14వ అధ్యాయం దాకా ఉన్న పుటలు మన దాకా రాలేదు. గుడ్డు ఆ పుటలతోనే పోయింది.

అయినా గోతిక్ నేర్చుకునేవాళ్లు ఇంటర్నెట్‌లో పంచుకునే పదపట్టికల్లో గుడ్డుకి మాట ఉంటుంది: *అద్ది. ముందున్న నక్షత్రం గుర్తుకి భాషాశాస్త్రంలో ఖచ్చితమైన అర్థం ఉంది. ఈ మాట ఎక్కడా రాసి దొరకలేదు, లెక్కగట్టి చెబుతున్నాం అని. పట్టిక ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేకొద్దీ ఆ గుర్తు రాలిపోతుంది. అప్పుడు దొరికిన మాట, ఊహించిన మాట పక్కపక్కనే కూర్చుంటాయి. చదివేవాళ్లకి తేడా తెలియదు. ఈ గందరగోళం విప్పాలంటే ముందు లెక్క ఎలా కడతారో చూడాలి, తర్వాత అది ఎక్కడ తప్పుతుందో చూడాలి.

మిగిలింది ఎంత?

గోత్‌లు జర్మానిక్ భాష, అంటే ఇంగ్లిష్, జర్మన్‌ల కుటుంబంలోని భాష మాట్లాడిన జనం. నాలుగో శతాబ్దంలో డాన్యూబ్ నదికి ఉత్తరాన, నల్లసముద్రం వైపు ఉండేవాళ్లు. వాళ్ల బిషప్ వుల్ఫిలా (సుమారు 311–383) ఎక్కువగా గ్రీకు అక్షరాల ఆధారంగా లిపి తయారుచేసి బైబిలుని అనువదించాడు. రాజుల గ్రంథాలు మాత్రం వదిలేశాడట. తన జనానికి యుద్ధమంటే అసలే మోజు, ఆ కథలు ఇంకా ఉసిగొల్పుతాయని భయపడ్డాడని చరిత్రకారుడు ఫిలోస్టోర్గియస్ రాశాడు.

ఇప్పుడున్న ప్రతుల్లో పేరున్నది ‘వెండి పుస్తకం’. ఆరో శతాబ్దం మొదట్లో ఇటలీలో, ఊదారంగు వేసిన తోలు మీద వెండి, బంగారు సిరాలతో రాశారు. మొదట 336 ఆకులుండేవి, ఇప్పుడు 188 ఉన్నాయి. వాటిలో 187 స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉన్నాయి. ఇవి కాక, పాత రాతని గీకేసి పైన వేరే రాత రాసిన తోలు పుటల్లో కొంత బయటపడింది. 1817లో అలాంటివి మిలాన్‌లో దొరికాయి, 2009లో బొలోన్యాలో ఇంకో చిన్న ముక్క దొరికింది. పాత నిబంధనలో మాత్రం నెహెమ్యా గ్రంథం తునకల్ని మించి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అంటే మనకి తెలిసిన గోతిక్ దాదాపు అంతా చర్చి గోతిక్. పశ్చాత్తాపానికి మాట ఉంది, గుడ్డుకి లేదు. వంటింటి మాటలు, పొలం మాటలు, పిల్లల ఆటల మాటలు గ్రీకు మూలంలో వస్తేనే వచ్చాయి. అందులోనూ ఆ పుట మిగిలితేనే.

పాలు, హాలు: సూత్రం పుట్టే తీరు

లేని మాటని లెక్కగట్టడం అనేది తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. బెంగళూరులో నాలుగు నెలలుంటే చాలు, ఎవరికైనా తట్టే సంగతే. మన పాలు అక్కడ హాలు. పులి హులి, పంది హంది, పండు హణ్ణు, పువ్వు హూవు. మాట మొదట్లో ఉన్న ప కన్నడంలో హ అయింది. ఒకటి రెండు మాటల్లో జరిగితే కాకతాళీయం అనుకోవచ్చు. వరసగా జరిగితే అది ధ్వని సూత్రం. సూత్రం చేతికొచ్చాక, వినని మాటని కూడా ఊహించగలం.

మరి పిల్లి? సూత్రం ప్రకారం హిల్లి అవ్వాలి. బెంగళూరులో పిల్లిని బెక్కు అంటారు. సూత్రంలో తప్పేమీ లేదు. అక్కడి జనం వాడుకలో నిలబడ్డ మాటే వేరు. ఈ పిల్లిని గుర్తుపెట్టుకోండి, గోతిక్‌లో మళ్లీ కనిపిస్తుంది.

జర్మానిక్ భాషలకీ ఇలాంటి సూత్రాలున్నాయి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెబుతూ, గోతిక్ కూడా ఆ కుటుంబానిదే అనుకోవడానికి కారణం ఉందన్నాడు. 1816లో ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియల్ని గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ క్రియలతో పోల్చి పుస్తకం వేశాడు. అదే ఏడాది మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని చూపించాడు. రెండు పనులకీ పునాది ఒక్కటే, మాటల్ని వరసలో పెట్టి పోల్చడం.

1822లో యాకోబ్ గ్రిమ్ జర్మానిక్ హల్లుల మార్పుని ఒక క్రమంలో పెట్టాడు. మనకి తెలిసిన సంస్కృతం మాటలతోనే అది చూడొచ్చు. పాదం గోతిక్‌లో ఫోతుస్. ప ఫ అయింది, ద త అయింది. దశ తెహున్, దంతం తున్థుస్: మళ్లీ ద త అయింది. భ్రాతృ బ్రోథర్. జాను, అంటే మోకాలు, క్నియు. సంస్కృతం నుంచి గోతిక్ పుట్టిందని దీని అర్థం కాదు. రెండూ ఒకే మూల భాష నుంచి వేర్వేరు దారుల్లో వచ్చిన అక్కచెల్లెళ్లు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ మూల భాష, అంటే మూల ఇండో-యూరోపియన్ గానీ, దాని నుంచి చీలిన మూల జర్మానిక్ గానీ ఎవరూ రాసిపెట్టినవి కావు. కాబట్టి దొరకని గోతిక్ మాటని మూల జర్మానిక్ నుంచి తీస్తున్నామంటే, ఒక ఊహ మీద ఇంకో ఊహ నిలబెడుతున్నాం. అయితే ఊహలన్నీ ఒకే బలంతో ఉండవు.

గుడ్డు, భూర్జం, హంస

గుడ్డు సంగతే తీసుకుందాం. మూల జర్మానిక్‌లో రెండు య్‌లు కలిసి ‘య్య’ అని వచ్చిన కొన్ని చోట్ల, గోతిక్‌లో ‘ద్ద్య’ వస్తుంది, పాత నార్స్‌లో (స్కాండినేవియా పాత భాష) ‘గ్గ్’ వస్తుంది, జర్మన్ వైపు ‘య్’గానే ఉండిపోతుంది. ‘రెండింటి’ అనే మాట గోతిక్‌లో త్వద్ద్యే, నార్స్‌లో త్వెగ్గ్యా, పాత జర్మన్‌లో త్స్వైయో. గోడ గోతిక్‌లో వద్ద్యుస్, నార్స్‌లో వెగ్గ్ర్. ఇవన్నీ రాసి దొరికిన మాటలే. ఇక గుడ్డు నార్స్‌లో ఎగ్గ్, జర్మన్‌లో ఐ. ఇంగ్లిష్ ఎగ్ నార్స్ నుంచి అరువు తెచ్చుకున్నది కాబట్టి దాన్ని వేరే సాక్షిగా లెక్కపెట్టకూడదు. నార్స్‌లో గ్గ్, జర్మన్‌లో య్ ఉందంటే గోతిక్‌లో ద్ద్య ఉండాలి. చివరి అక్షరానికి నమూనా కుని, అంటే కులం, వంశం. దాని మూలరూపం *కున్యం లాంటిది. అలా చూస్తే గుడ్డు *అద్ది అవుతుంది.

ఇక్కడితో ఆగితే ఇది కాగితం మీది లెక్కే. కానీ దీనికి బయటి నుంచి ఒక సాక్ష్యం ఉంది. పదహారో శతాబ్దంలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రాయబారిగా కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న బుస్బెక్, క్రిమియా నుంచి వచ్చిన ఇద్దరిని కలిసి, అక్కడ మిగిలిన గోత్‌ల మాటలు ఎనభై దాకా రాసుకున్నాడు. అవి 1589లో అచ్చయ్యాయి. అందులో గుడ్డుకి ‘అద’ అని ఉంది. వుల్ఫిలాకి పన్నెండు వందల ఏళ్ల తర్వాత, గోత్ జాతివాడే తన భాష మరిచిపోయి గ్రీకు మాట్లాడుతుంటే, గ్రీకు మూలాలున్న ఇంకొకడు చెప్పగా ఫ్లెమిష్ మనిషి బుస్బెక్ విని రాసుకున్న మాటలో ఆ ‘ద్’ నిలిచి ఉంది. నాకు ఈ మొత్తం విషయంలో ఒళ్లు పులకరించే చోటు ఇదే.

అయినా చివరి అక్షరం మీద అనుమానం పోలేదు. ‘అద’ బహువచనం *అద్ద్య కావచ్చు. పాత ఇంగ్లిష్, పాత జర్మన్‌లలో గుడ్డు బహువచనంలో ర్ కనిపిస్తుంది కాబట్టి, మూలంలో ఇది వేరే అంత్యమున్న మాట అని, గోతిక్‌లో *అద్దిస్ అయి ఉండొచ్చని కూడా వాదించొచ్చు. వేరు గట్టిది, తోక మీదే చర్చ.

రెండో ఉదాహరణ భూర్జవృక్షం. భూర్జపత్రాల పేరు మనం విన్నదే, హిమాలయాల్లో ఈ చెట్టు బెరడు మీదే రాసేవాళ్లు. బైబిల్లో ఈ చెట్టు లేదు. మూల జర్మానిక్ రూపం *బెర్కో. గోతిక్‌లో ఎ సాధారణంగా ఇ అవుతుంది. సంస్కృతం అద్, అంటే తినడం, మూల జర్మానిక్‌లో *ఎత్-, గోతిక్‌లో ఇతన్. కానీ ర్ ముందు ఎ ఎ గానే నిలుస్తుంది. చివరి ఓ అ అవుతుంది. కాబట్టి *బెర్క. సరిచూడ్డానికి దొరికిన మాట ఒకటుంది: నడికట్టుకి గోతిక్‌లో గెర్ద. ఐస్లాండిక్‌లో నడికట్టు గ్యోర్ద్, భూర్జం బ్యోర్క్. గ్యోర్ద్‌కి గెర్ద ఎలాగో బ్యోర్క్‌కి బెర్క అలాగ. ఇంగ్లిష్ రచయిత, భాషా పండితుడు టోల్కీన్ 1936లో అచ్చయిన తన గోతిక్ పద్యంలో ఈ రూపాన్నే వాడాడు. మరోపక్క, పాత చేతిరాత ఒకదానిలో గోతిక్ అక్షరాల పేర్లున్నాయి. బ అక్షరం పేరు ‘బెర్క్న’ అని రాశారు. దాన్ని బట్టి *బెర్కన్ అనే రూపం కూడా ఉండేదంటారు. ఒకే చెట్టుకి రెండు సమాధానాలు, రెండూ న్యాయమైనవే.

మూడోది హంస. సంస్కృతంలో హంస, జర్మన్‌లో గన్స్. అక్కడ అది బాతు జాతి పక్షి. గోతిక్ బైబిల్లో కనిపించదు. కానీ 711 దాకా స్పెయిన్‌ని ఏలినవాళ్లు గోత్‌లలో ఒక శాఖ అయిన విసిగోత్‌లు. స్పానిష్‌లో ఇప్పటికీ ఆ పక్షిని గాన్సో అంటారు. *గన్స్ ముందు నక్షత్రం ఉన్నా, ఆ మాట ఇవాళ్టికీ స్పెయిన్ పల్లెల్లో పలుకుతోంది.

దొరికిన వాక్యంతోనే లెక్కని పరీక్షిస్తే

ఈ పద్ధతి ఎంత నమ్మదగిందో తెలియాలంటే, జవాబు మన చేతిలో ఉన్న ప్రశ్ననే అడగాలి. మార్కు సువార్త మొదటి అధ్యాయం ఆరో వాక్యం గోతిక్‌లో మిగిలింది. యోహాను ఒంటె రోమాల బట్ట కట్టుకుని, నడుముకి తోలు పట్టీ పెట్టుకుని, మిడతలూ అడవి తేనే తినేవాడని అందులో ఉంది. ఈ వాక్యం పోయిందనుకుని, మిగతా జర్మానిక్ భాషల సాయంతో ఒక్కో మాటా తిరిగి కట్టి చూద్దాం.

నడుము వస్తుంది. ఇంగ్లిష్ హిప్ నుంచి గోతిక్ హుప్స్‌కి దారి సాఫీగానే ఉంది. నడికట్టు గెర్ద వస్తుందని ఇప్పుడే చూశాం. ఒంటె మాట ఇవాళ్టి ఇంగ్లిష్, జర్మన్‌ల నుంచి రాదు. అయితే ఐస్లాండిక్‌లో ఊల్వల్డి ఉంది, పాత ఇంగ్లిష్‌లో ఓల్ఫెండ్ ఉంది. వాటి నుంచి గోతిక్ ఉల్బందుస్ దగ్గరికి చేరొచ్చు. తమాషా ఏంటంటే ఈ మాటకి మూలం ఏనుగు పేరే అని చాలామంది అభిప్రాయం. రెండు జంతువుల్నీ చూడని జనం ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టేసుకున్నారు.

రోమం దగ్గర మొదటి దెబ్బ. గోతిక్ మాట తగ్ల్. ఇంగ్లిష్‌లో ఇదే మాట టెయిల్, అంటే తోక. రూపం సరిగ్గా కట్టగలం, అర్థం మాత్రం తోక అని రాసిపెడతాం.

తేనె దగ్గర పెద్ద దెబ్బ. ఇంగ్లిష్ హనీ, జర్మన్ హోనిగ్, ఐస్లాండిక్ హునాంగ్ మూడూ ఒకే మాట వైపు వేలు చూపిస్తాయి. పద్ధతి ప్రకారం ఏ పండితుడైనా *హునగ్ అని ధైర్యంగా రాస్తాడు. వుల్ఫిలా రాసింది మిలిథ్. లాటిన్ మెల్, గ్రీకు మెలిలకి చుట్టం. ఇదే మన పిల్లి, బెక్కు కథ. సాక్షులందరూ ఒకే మాట చెప్పారు, అయినా జవాబు తప్పింది. మిడతలకి వాడిన థ్రమ్స్తిన్స్ అన్న మాటకైతే తోబుట్టువు భాషల్లో జోడీయే లేదు. ఏ లెక్కతోనూ అది వచ్చేది కాదు. చివరికి ‘మరియు’ కూడా చిక్కదు. ఇంగ్లిష్ ఆండ్, జర్మన్ ఉంట్ చూసి కట్టే మాట వేరు, గోత్‌లు అన్నది యహ్.

ఒక చిన్న వాక్యంలోనే ఇన్ని రకాలు. పరీక్ష ఫెయిలైందని నేననను. వేర్వేరు ప్రశ్నలకి వేర్వేరు మార్కులొచ్చాయి. ‘ఆ వేరుని గోత్‌లు నిలుపుకుని ఉంటే అది ఎలా పలికేది’ అన్న ప్రశ్నకి పద్ధతి చాలా బాగా జవాబిస్తుంది. ‘గోత్‌లు దీన్ని ఏమనేవాళ్లు’ అన్నది వేరే ప్రశ్న. నక్షత్రం రాలిపోయినప్పుడు మొదటి ప్రశ్నకిచ్చిన జవాబు రెండో ప్రశ్న కింద అచ్చవుతుంది.

తండ్రి ఒక్కసారే కనిపించాడు

రూపం సరిగ్గా ఉండి, అది నిజంగా గోతిక్‌లో ఉండి కూడా మోసం చేయగలదు. పితృ నుంచి వచ్చే మాట గోతిక్‌లో ఫదర్. లెక్క చెప్పేదీ అదే. కానీ మిగిలిన గోతిక్ మొత్తంలో అది ఒక్కచోటే ఉంది, గలతీయులకి రాసిన లేఖ 4వ అధ్యాయంలో. మిగతా అంతటా తండ్రి అంటే అత్త. పరలోక ప్రార్థన మొదలయ్యేది ‘అత్త ఉన్సర్’ అనే. హూణరాజు అట్టిలా పేరు కూడా గోతిక్‌లో ‘చిన్న తండ్రి’ అనే అర్థంలో పుట్టిందని ఎక్కువమంది అంటారు.

మన అత్తతో దీనికి సంబంధం ఉందా అని తెలుగువాళ్లకి అనిపించడం సహజం. లేదు. అమ్మ, అప్ప, అత్త, తాత లాంటివి పసిపిల్లల నోటికి తేలిగ్గా వచ్చే ధ్వనులతో ప్రతి భాషలోనూ విడిగా పుట్టే మాటలు. రెండు మాటలు వినడానికి ఒకలా ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు. వరసగా, సూత్రం ప్రకారం పోలాలి.

సూత్రాలు కూడా ఒక్కోసారి జారతాయి. చెవికి మిగతా జర్మానిక్ భాషలన్నిటిలో ర్ ఉంది: ఇంగ్లిష్ ఇయర్, జర్మన్ ఓర్. ఆ ర్ పాత ‘జ్’ ధ్వని నుంచి వచ్చింది. గోతిక్ ఆ జ్‌ని నిలుపుకునే భాష కాబట్టి ఔజో అని ఊహిస్తాం. దొరికింది ఔసో. నీళ్ల సంగతీ అంతే. వాటర్, వాసర్ చూసి చివర ర్ పెడతాం. గోతిక్‌లో వతో, షష్ఠిలో వతిన్స్. ర్ లేదు, న్ ఉంది. ఆ వేరు సంస్కృతంలో ఉదకం, ఉదన్‌గా మనకి తెలిసిందే.

అర్థం జారడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ గిస్త్రదగిస్. సంస్కృతం హ్యః, ఇంగ్లిష్ ఎస్టర్‌డే, జర్మన్ గెస్టెర్న్ అన్నీ నిన్న అంటాయి. గోతిక్‌లో అదే మాట మత్తయి 6వ అధ్యాయంలో రేపు అన్నచోట ఉంది. అనువాదకుడు పొరబడ్డాడని కొందరంటారు. హిందీ కల్ లాగా అటూ ఇటూ వాడే మాటై ఉండొచ్చని ఇంకొందరంటారు. ఉన్నది ఒక్క చోటే కాబట్టి తేల్చే సాక్ష్యం లేదు.

వాడొచ్చా, కూడదా?

చరిత్ర కోసం భాషని చదివేవాళ్లకి నక్షత్రం ఉన్న మాట ఒక ప్రతిపాదన. సాక్ష్యం వస్తే నిలుస్తుంది, లేదా మారుతుంది. దాన్ని వాక్యంలో పెట్టి వాడితే, రేపు ఇంకెవరో ఆ వాక్యాన్నే సాక్ష్యంగా చూపిస్తారని వాళ్ల భయం. ఇది ఉత్త భయం కాదు. ఇవాళ గోతిక్‌లో వికీపీడియా ఉంది. అందులో ఇరవయ్యో శతాబ్దం విషయాలకి కావలసిన మాటలన్నీ ఈ మధ్యవాళ్లు కూర్చినవే.

గోతిక్‌లో రాయాలనుకునేవాళ్ల వాదనకీ బలం ఉంది. ఒక భాషలో పద్యం రాయబోతేనే దాని వ్యాకరణంలో మనకి ఏం తెలుసో, ఏం తెలియదో బయటపడుతుంది. చదవడంతో రాని లోతు రాయడంతో వస్తుంది. టోల్కీన్ చేసిందీ అదే. ఖాళీ వదిలేయడం కంటే, గుర్తు పెట్టి నింపడం మేలంటారు వీళ్లు.

ఎలా నింపాలన్న దగ్గర మళ్లీ రెండు దారులు. ఒకరు మూల జర్మానిక్ వేళ్ల నుంచే తీయాలంటారు. ఇంకొకరు వుల్ఫిలా చేసినట్టు చేయాలంటారు. ఆయనకి అరువు అంటే మొహమాటం లేదు. దేవదూతకి గ్రీకు మాటనే ఆంగిలుస్ అని తెచ్చుకున్నాడు. అవసరమైన చోట సొంత మాటలు కలిపి అతికిన మాటలూ గోతిక్‌లో ఉన్నాయి. కనికరానికి అర్మహెర్తి అంటారు, అందులో దీనత్వమూ హృదయమూ ఉన్నాయి. ద్రాక్షతోటకి వీనగర్ద్స్ అంటారు. వీన్ లాటిన్ నుంచి వచ్చింది, గర్ద్స్ సొంతది. ఈ నమూనాలో ఆపిల్ తోటకి మాట కట్టామనుకోండి. ఆపిల్ కోసం బుస్బెక్ రాసుకున్న క్రిమియా పట్టికలో అపెల్ ఉంది, దాని నుంచి *అప్ల్స్ లేదా *అప్లుస్ తీస్తాం. గర్ద్స్ రాసి దొరికిందే. రెండిటినీ కలిపింది మాత్రం మనం. మొదటి సగం బలమైన ఊహ, రెండో సగం సాక్ష్యం, అతుకు మన సొంతం. ఒక్క నక్షత్రం గుర్తు ఈ మూడింటినీ విడదీసి చెప్పలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో మాట పక్కనే రాసే పట్టికలనే నేను నమ్ముతాను.

1970లో జర్మనీలోని ష్పైయర్ కెథెడ్రల్‌లో, ఒక చెక్క పేటికలో కర్రకి చుట్టి ఉన్న తోలు ముక్క బయటపడింది. అది వెండి పుస్తకంలో తప్పిపోయిన ఆకు, మార్కు సువార్త ఆఖరి వాక్యాలు. అందులో అప్పటిదాకా గోతిక్‌లో ఎవరూ చూడని మాట ఒకటుంది: ఫర్వ. జర్మన్ ఫార్బె, అంటే రంగు, దీని చుట్టమే. ఆకు దొరక్కముందు ఎవరైనా ఫార్బె నుంచి గోతిక్ మాట కట్టి ఉంటే రంగు అనే అర్థం రాసేవాళ్లు. ఆ ఆకులో, పునరుత్థానం తర్వాత యేసు ‘వేరే రూపంలో’ కనిపించాడన్నచోట ఆ మాట ఉంది. అర్థం రూపం, ఆకారం. పైగా అక్కడున్నది విభక్తి చేరిన రూపం. దాని ప్రథమా విభక్తి ఎక్కడా దొరకలేదు కాబట్టి, నిఘంటువుల్లో *ఫర్వ్ ముందు నక్షత్రం ఇప్పటికీ అలాగే ఉంది.